షార్జా ఇంట్లో మా అక్క గొంతు

నేను విదేశం వెళ్లింది ఒక్కసారే. ఆరు నెలలకని వెళ్లి పదిహేను నెలలు ఉన్నాను. తిరిగి వచ్చాక మా వీధి ఆడవాళ్లు ఎడారి చూశావా, ఆ పెద్ద పెద్ద కట్టడాలు చూశావా అని అడిగేవారు. నేను చూసింది ఒక్క కట్టడం. మేమున్న తొమ్మిదో అంతస్తుకి ఎదురుగా ఉండేది. దాని వెనకవైపే మాకు కనిపించేది. వరసగా ఏసీ పెట్టెలు, స్నానాల గదుల చిన్న కిటికీలు, పైపులు. ఏ కిటికీ ఎప్పుడు తెరుచుకుంటుందో నాకు కంఠతా వచ్చేసింది.

మాది తమిళనాడులో బోడినాయకనూరు, బోడి అంటాం. మా వీధిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గడప దాటితే తమిళం. ఏ కాలంలో ఇక్కడికి వచ్చామో మాకు తెలియదు, ఎవరూ అడగరు కూడా. బడిలో చదివింది తమిళం. ఈ అక్షరాలు నలభై దాటాక ఫోన్‌లో చూసి నేర్చుకున్నవి, తప్పులుంటే మన్నించండి.

అప్పట్లో నేను తేనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. మంచం పట్టినవాళ్లను ఒత్తిగిలించడం, ఒళ్లు తుడవడం, గొట్టంతో ఆహారం పెట్టడం నా పని. నా భర్త యాలకుల తోటలకు కూలీలను ఎక్కించుకుపోయే జీపు నడిపేవాడు. ఆయన జబ్బుచేసి పోయి అప్పటికి మూడేళ్లయింది. నాకు ఒక్కతే కూతురు, ఏడో తరగతి చదువుతోంది. మా పక్కింట్లోనే అక్క ఉండేది. ఆమె కొట్లో కూర్చుని యాలకులు ఏరేది. అక్కకు పిల్లలు లేరు, నా కూతురు సగం రోజులు అక్కడే తిని అక్కడే పడుకునేది.

ఆసుపత్రికి వచ్చిన ఒక రోగి బంధువులు నా పని చూసి, షార్జాలో ఉన్న తమవాళ్ల గురించి చెప్పారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, కోయంబత్తూరువాళ్లు. ఆయన తల్లికి పక్షవాతం వచ్చింది. తమిళం మాట్లాడే మనిషి కావాలి, ఆరు నెలలు చూసుకుంటే చాలు అన్నారు. ఒప్పుకున్నాను. నా కూతురు ఏడవలేదు. రోజూ మాట్లాడతావా అని ఒక్క మాట అడిగింది. రోజూ అన్నాను.

ఇంటాయన నెమ్మదస్తుడు. మొదటిరోజే తల్లి మంచం దగ్గర నిలబెట్టి తమిళంలో అంతా వివరించాడు. మాట పూర్తిగా పోయిందని డాక్టర్లు చెప్పారనీ, అప్పుడప్పుడూ ఏవో శబ్దాలు చేస్తుంది, వాటికి అర్థమేమీ లేదు, కంగారుపడొద్దనీ అన్నాడు. ఆమెకు ఎనభై దగ్గర పడి ఉంటాయి. సన్నటి మనిషి, కుడివైపు చచ్చుపడింది. నేను ఆమెను అవ్వా అని పిలిచాను.

మూడో రోజు పొద్దున వాళ్లిద్దరూ పనికి వెళ్లిపోయాక అవ్వను పక్కకు తిప్పుతున్నాను. ఆమె నోట్లో నోట్లో ఏదో అంది. శబ్దమే అనుకున్నాను. మళ్లీ అంది. ఈసారి చెవి దగ్గర పెట్టాను. నాలుక మందంగా కదులుతోంది, అయినా మాట తెలిసింది.

"ఈపు మండుతా ఉండాది."

నా చేతులు ఆగిపోయాయి. అది మా ఇంటి మాట. మా అమ్మ అన్నట్టే అంది. "యాడ అవ్వా? ఈడనా?" అని అడిగాను. ఆమె కళ్లు నా మీద నిలిచాయి. బాగున్న ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. తర్వాత చాలాసేపు వదల్లేదు. వీపు మీద పుండు మొదలవుతోంది, అదే ఆమె ఎన్నాళ్లుగానో చెబుతున్నది.

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుండిపోయాడు. వాళ్లది కోయంబత్తూరు దగ్గర పల్లె అట. పిల్లల చదువుకని పట్నం వచ్చాక, ఇంట్లో తెలుగు వినిపించకూడదని ఆయన తండ్రి కట్టడి చేశాడట. పల్లెటూరి మాట అని ఆ తండ్రి ఉద్దేశం. తల్లి యాభై ఏళ్లు తమిళమే మాట్లాడింది. పక్షవాతం ఆ యాభై ఏళ్ల మాటను తీసుకుపోయి, చిన్నప్పటి మాటను మిగిల్చింది. ఆయనకు వేసవి సెలవుల్లో విన్న రెండు మూడు ముక్కలు తప్ప ఏమీ రావు. చివరికి నన్ను ఒక్కటే అడిగాడు, అమ్మ ఇన్ని నెలలూ మాట్లాడుతూనే ఉందా అని.

ఆ రాత్రి నేను గర్వపడ్డాను. దాచడం ఎందుకు, అందరి ముందూ నేనొక గొప్ప పని చేశాననిపించింది. నాకు నేనే తలుపు మూసుకున్నానని అప్పుడు తట్టలేదు.

అంతవరకు సరిగా తినని అవ్వ తినడం మొదలుపెట్టింది, నా చేత్తో మాత్రమే. కోడలు చెంచా తీసుకుని వస్తే నోరు బిగించేది. నేను కంటికి కనబడకపోతే "అమ్మిణీ, అమ్మిణీ" అని పిలుపు. అది కోయంబత్తూరు వైపు ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాట. నేను స్నానం కూడా తలుపు ఓరగా పెట్టుకుని చేసేదాన్ని. వాళ్లు పొద్దున ఏడింటికి వెళ్లేటప్పుడు బయట తాళం వేసేవారు. నాకంటే ముందు పనిచేసిన ఆమె ఒకసారి పొయ్యి వెలుగుతుండగానే కిందికి వెళ్లిపోయిందట, అందుకని. నాకూ ఒక తాళం చెవి ఇస్తామన్నారు. అడిగినప్పుడల్లా రేపు చేయిస్తామనేవారు. లిఫ్టు మా అంతస్తులో ఆగిన శబ్దం వినగానే ఎవరొచ్చారా అని తలుపు వైపు చూసేదాన్ని. పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుని మూసుకునేది, అంతే. నిప్పంటుకుంటే ఏం చేయాలని రోజూ ఆలోచించేదాన్ని. ఎంత ఆలోచించినా అవ్వను ఎత్తుకుని బాల్కనీ దాకా రావడం వరకే తెలిసేది.

ఇక ఫోను. ఆ దేశంలో నెట్ మీద డబ్బు లేకుండా చేసుకునే కాల్స్ కలవవు. మామూలు కాల్‌కు ఖర్చెక్కువ, వారానికొకటి. మిగతా రోజుల్లో గొంతు రికార్డు చేసి పంపుకోవడమే. మా ఊళ్లో బడి వదిలేసరికి అక్కడ మధ్యాహ్నం మూడు. ఆ వేళకు నేను వంటింటి గట్టుకు ఆనుకుని, ఫోను చెవికి ఆనించుకుని నా కూతురు గొంతు వినేదాన్ని. లెక్కల టీచరు గురించి, అక్క చేసిన పులుసు గురించి, వానకు రోడ్డు కోసుకుపోయి ఘాట్ బస్సు ఆగిపోయిన సంగతి గురించి చెప్పేది. అదంతా విని మూడు నిమిషాల జవాబు పంపేదాన్ని. ఆ కాసేపే నా సొంతం.

ఒకరోజు చేతికి పిండి అంటుకుని ఉండటంతో ఫోను గట్టు మీద పెట్టి గట్టిగా మోగనిచ్చాను. అక్క గొంతు. "ఏమే, కూడు తింటివా? ఈడ పొద్దుననించి తూరలు పడతా ఉండాయి." తూరలంటే సన్నటి వాన. హాల్లోంచి అవ్వ జవాబు చెప్పింది, "తింటిమి అక్కా." పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆమె తల దిండు మీంచి లేచి ఉంది. ఆమెకు ఒక అక్క ఉండేదట, ఎప్పుడో పోయింది. ఆ గొంతు ఆమెదే అనుకుంది. మరుసటి రోజు మూడింటికి "అక్క యాడ?" అని తనే అడిగింది.

ఇంటాయనకు తెలిసి ఎంతో సంతోషపడ్డాడు. మీ అక్కగారిని అమ్మ కోసం కూడా ఏదైనా మాట్లాడి పంపమని చెబుతారా అని మర్యాదగా అడిగాడు. మా అక్క మంచి మనసున్న మనిషి. ఎవరో ముసలామె తన గొంతు విని తింటోందంటే ఆగుతుందా? కొట్లో పని మధ్యలో, నడుస్తూ, గిన్నెలు కడుగుతూ మాట్లాడి పంపేది. ఈ ఏడు యాలకులు పచ్చగా దిగినాయని, సాయంత్రం కొండమీంచి జీపులు దిగినాయని, ఎవరి మేక ఈనిందని. అవ్వ కోసం పది వస్తే నాకు ఒకటి వచ్చేది. ఆయన చిన్న స్పీకరు కొని మంచం పక్కన పెట్టాడు. ఇయర్‌ఫోన్ వద్దు, అమ్మకు వినబడేలా పెట్టండి అన్నాడు. ఆనాటి నుంచి మా ఇల్లు ఆ హాల్లో రేడియోలా మోగేది. నా కూతురి మాటలు కూడా అందులోనే.

దాని గొంతులో తేడా నాకు ముందే తెలిసింది. ఒకరోజు ఇలా పంపింది. "అమ్మా, నీ వెనకాల ఆ అవ్వ ఎప్పుడూ ఏదో అంటా ఉంటాది. నీతో తనియా మాట్లాడాల." తనియా అంటే ఒంటరిగా. స్నానాల గదిలోకి ఫోను తీసుకెళ్లాను. కుళాయి తిప్పి మాట్లాడటం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కాలేదు, "అమ్మిణీ" అని కేక, ఆ వెంటనే ఏదో కిందపడ్డ చప్పుడు. మాట మధ్యలో తెంపి పరుగెత్తాను. నా కూతురికి చేరింది ఆ తెగిన ముక్క.

ఆరు నెలలు నిండాయి. టికెట్ సంగతి అడిగితే, వచ్చే నెల డాక్టరుకు చూపించాక అన్నారు. వచ్చే నెల కోడలి ఆఫీసులో సెలవు దొరకలేదు. ఆ తర్వాత నెల ఆయన నా పాస్‌పోర్టు తిరిగి బీరువాలో పెడుతూ వీసా ఇంకో ఏడాదికి మార్పించానని చెప్పాడు, మీకు శ్రమ లేకుండా అన్నీ నేనే చూసుకున్నాను అన్నాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. దీపావళికి చీర పెట్టారు. వాళ్లేం తింటే నాకూ అదే. కొట్టో తిట్టో ఉంటే అక్కకు చెప్పుకుని ఏడ్చేదాన్ని, ఎవరినైనా పట్టుకుని బయటపడే దారి చూసేదాన్ని. మంచివాళ్ల ఇంట్లో ఇరుక్కున్నదాన్ని, ఎవరి మీద ఫిర్యాదు చేయను?

శుక్రవారాలు అవ్వను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పార్కుకు తీసుకెళ్లేవాళ్లం. భార్యాభర్తలు ముందు నడిచేవారు. రోడ్డు అక్కడే ఉంది, టాక్సీలు అక్కడే ఉన్నాయి. నా రెండు చేతులూ కుర్చీ పిడి మీద ఉండేవి. వదిలితే కుర్చీ పల్లానికి దొర్లుతుంది.

తొమ్మిదో నెలలో అక్క వారం మధ్యలో మామూలు కాల్ చేసింది. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. నా కూతురు పెద్దమనిషి అయిందట, రెండు రోజులయిందట. నాకు చెప్పొద్దని అదే పట్టుబట్టిందట. సడంగు, అంటే మావైపు ఆ వేడుక, పదకొండో రోజున పెట్టారు. వీడియో వచ్చింది. పిల్లకు పట్టుచీర కట్టి, చెంపలకు పసుపు రాసి కూర్చోబెట్టారు. తల్లి నిలబడాల్సిన చోట అక్క నిలబడింది. కెమెరా దగ్గరకు వచ్చినప్పుడు నా కూతురు తల పక్కకు తిప్పుకుంది. హాల్లోంచి అవ్వ, "ఏమి పండగ అమ్మిణీ? మేళం వినబడతా ఉండాదే" అంది. నేను పలకలేదు. మళ్లీ అడిగింది, మళ్లీ పలకలేదు. ఆమెను రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, ఆ మధ్యాహ్నం ఒత్తిగిలించలేదు. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. సాయంత్రానికి ఆమె వీపు ఎర్రబడింది. నా వృత్తిలో నేను తెలిసి చేసిన తప్పు అదొక్కటే. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నా కూతురు గొంతు రావడం ఆగిపోయింది. తమిళంలో టైపు చేసి పంపేది. బాగున్నాను. పరీక్షలున్నాయి. పెద్దమ్మ బాగుంది. మూడే వరసలు, అవి ఎవరికైనా పంపవచ్చు. దాని పాత మాటలు మళ్లీ వినేదాన్ని, స్పీకరు తీగ పీకేసి, చెవికి ఆనించుకుని.

నేను ఇంటాయనను గట్టిగానే అడిగాను, నన్ను పంపించండి అని. జీతం పెంచుతానన్నాడు. అది కాదన్నాను. అప్పుడు ఆయన నా ముఖం చూడకుండా, మీరు వెళితే అమ్మ తినదు, తినకపోతే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు అన్నాడు. భార్య గోడవైపు చూస్తూ కూర్చుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. అందుకే మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఎప్పటిలా మంచం పక్కన కూర్చున్నాడు. అవ్వ కొడుకు ముఖం చూసి అడిగింది. "నాయనా, కూడు తింటివా?"

ఆయన నా వైపు తిరిగాడు. పదినెలలుగా జరుగుతున్నదే. ఆమె అంటుంది, నేను తమిళంలో చెబుతాను, ఆయన తమిళంలో అంటాడు, నేను తిప్పి చెబుతాను. ఆ రోజు నేను చెప్పలేదు. సింకు దగ్గర గిన్నె కడుగుతూ ఉండిపోయాను. ఏమంటోంది అని అడిగాడు. నీళ్ల చప్పుడే జవాబు. అవ్వ మళ్లీ అడిగింది. ఆయన గొంతు పెంచి నన్ను పిలిచాడు. నేను కుళాయి కట్టి, చేతులు తుడుచుకుని వచ్చి తమిళంలోనే, మెల్లగా చెప్పాను. "సార్, మీ అమ్మ మిమ్మల్ని అడుగుతోంది. నన్ను కాదు. అంత చిన్న మాట మీకు తెలుసు."

ఆయనకు కోపం వచ్చింది. లేచి నిలబడ్డాడు. అవ్వ మూడోసారి అడిగింది, ఈసారి చెయ్యి చాచి. ఆయన, ఎక్కడి నుంచి తీశాడో, "తింటి మా" అన్నాడు. అవ్వ ఆశ్చర్యపోలేదు. అదేం కొత్త సంగతి కానట్టు, "నెయ్యి వేసుకుంటివా?" అని అడిగింది. దానికి ఆయన దగ్గర మాట లేదు. అప్పుడు నేను అందించాను.

మరునాటి నుంచి రోజూ అరగంట కూర్చోవాలని నేనే షరతు పెట్టాను. ఇంటి యజమానికి షరతు పెట్టే ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు, మరో దారి లేక వచ్చి ఉంటుంది. ఆయన నోట్సు రాసుకునేవాడు. నీళ్లు, నొప్పి, ఒత్తిగిలు, వక్క, చలి. నోరు తిరగక సిగ్గుపడేవాడు. ఒకసారి "నీల్లు తిను మా" అంటే అవ్వ మూతి పక్కకు లాగుతూ నవ్వింది. నిజానికి కోడలే తొందరగా నేర్చుకుంది. ఆమె పుస్తకం పట్టలేదు, మా అక్క మాటలను వంట చేస్తూ వినేది, అక్క అన్నట్టే అనేది. ఒకరోజు ఆమె అన్నం కలిపి, "అవ్వా, నోరు తెరు, ఇంగ రొండు ముద్దలే" అంది, అచ్చం అక్క యాసలో. అవ్వ నోరు తెరిచింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అంత సంతోషంలోనూ నాకు కొంచెం గుచ్చుకుంది.

ఇలా నాలుగు నెలలకు పైగా పట్టింది. పదిహేనో నెలలో ఆయనే బీరువా తెరిచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

బయలుదేరే రోజు అవ్వకు అబద్ధం చెప్పదలచుకోలేదు. ఊరికి పోతున్నానన్నాను. ఎవరి ఊరికి అని అడిగింది. మా ఊరికి అన్నాను. "నన్నూ పిల్చుకోని పో అమ్మిణీ" అంది. కొడుకు వంగి, "నేను పిల్చుకోని పోతాను మా" అన్నాడు. ఒక్క తప్పు లేకుండా అన్నాడు. తీసుకెళ్లలేదు. అలాంటి మనిషిని అంత దూరం విమానంలో తీసుకురావడం తేలిక కాదని రోగులను చూసుకునేదానిగా నాకు తెలుసు. అయినా ఆ మాట నా చెవుల్లో ఉంది.

మదురై విమానాశ్రయానికి అక్కా, నా కూతురూ వచ్చారు. నా కూతురు నాకంటే ఎత్తు పెరిగింది. బ్యాగు అందుకుని, ప్రయాణం బాగా జరిగిందా అని తమిళంలో అడిగింది, చుట్టాన్ని అడిగినట్టు. కారులో అక్క పక్కన కూర్చుంది. ఆండిపట్టి కనుమ దాటాక గాలిమరలు, కొండలు కనిపించాయి. ఇంటికి వచ్చాక కూడా అది అక్క దగ్గరే పడుకునేది. నేను ఇంట్లో ఉన్నా గడప బయట ఉన్నట్టుండేది. అక్క నన్ను ఓపిక పట్టమంది, పిల్లను ఏమీ అనలేదు. నేను తేని ఆసుపత్రిలో మళ్లీ చేరాను. నెలలు గడిచేకొద్దీ నా కూతురు నాతో అవసరమైనంత వరకు మాట్లాడేది, సగం తమిళం, సగం మన మాట. నేను దాన్ని తొందరపెట్టలేదు. తొందరపెట్టే హక్కు నాకు లేదనిపించేది.

నేను వచ్చిన ఏడో నెలలో ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో అది కనిపించింది. బడి యూనిఫాంలో ఉంది. బోడి నుంచి తేనికి ఒక్కతే బస్సెక్కి రావడం అదే మొదటిసారి. ఆ రోజు నా ఫోను ఇంట్లో మరచిపోయాను. భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు మోగితే అది తీసిందట.

"ఆ సార్ మాట్లాడె మా," అంది. "ఆ అవ్వ చచ్చిపోయిందంట. పొద్దున."

బెంచీ మీద కూర్చున్నాను. అది నా పక్కన కూర్చుంది. ఏడవాలో వద్దో తెలియని చోట ఉన్నాను. ఆ అవ్వ మూలాన్నే కదా దీన్ని పోగొట్టుకున్నాను అనే మాట ఎన్నోసార్లు మనసులో అనుకున్నదాన్ని. నా కూతురు అడిగింది, "అవ్వ నిన్ను కొట్టేదా?"

లేదన్నాను. ఒక్కసారి కూడా లేదన్నాను. నేనే ఒకరోజు ఆమెను పట్టించుకోలేదు అని, ఆ సడంగు రోజు సంగతి మొత్తం చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పనిది. అది చివరిదాకా వింది.

నా డ్యూటీ అయ్యేందుకు ఇంకా మూడు గంటలుంది. బడికి తిరిగి వెళ్లమంటే తల అడ్డంగా ఊపింది. వరండాలో ఆ బెంచీ మీదే, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను వార్డులోంచి బయటికి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. అక్కడే ఉంది.